నాన్నకు గైడ్ కావలసి వచ్చిన ఏడు

ఆ ఏడు టాంబ్లిన్ లోయలో పొగమంచు ఆగస్టు చివర్లోనే దిగింది. దిగింది దిగినట్టే ఉండిపోయింది. పొద్దున లేచి కిటికీలోంచి చూస్తే గుర్రాల దొడ్డి కనిపించేది కాదు, గుర్రాలు నేలను గిట్టలతో గీరుతున్న చప్పుడు మాత్రం వినిపించేది. మే నెలలో అమ్మ పోయినప్పటి నుంచి నాకు నిద్ర ఎక్కడ అయిపోతుందో, మెలకువ ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా తెలిసేది కాదు. అప్పుడు జరిగినవాటిలో కొన్ని నిజంగా జరిగాయా, నేను కలగన్నానా అని ఇప్పటికీ అనుమానమే. జరిగాయనడానికి నా దగ్గర ఒక కాగితం ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు కోర్టు సంగతి చెప్పాలి.

మా వయోమింగ్ రాష్ట్రపు కొండల్లో రక్షిత అడవి మొదలయ్యేచోట ఒక దేవదారు చెట్టుకు గోధుమరంగు బోర్డు కొట్టి ఉంటుంది. దాని ఇవతలా అవతలా అంతా కేంద్ర ప్రభుత్వ భూమే. దేశంలో ఎవరైనా వెళ్ళొచ్చు. నడవొచ్చు, డేరా వేసుకోవచ్చు, చేపలు పట్టుకోవచ్చు. కానీ పరాయి రాష్ట్రం మనిషి ఆ బోర్డు దాటి ఎల్క్ దుప్పిని కాల్చాలంటే మాత్రం పక్కన మా రాష్ట్రం లైసెన్సున్న గైడ్ ఉండి తీరాలి. మాకు ఆ బెడద లేదు. మేం ఒంటరిగా వెళ్ళి ఒంటరిగా తప్పిపోవచ్చు.

బయటి రాష్ట్రాలవాళ్ళు ముగ్గురు ఈ రూలు చెల్లదని దావా వేశారు. అడవి దేశానిదైతే అందులో మేమెలా పరాయివాళ్ళమయ్యామని వాళ్ళ వాదన. అది మరీ తీసిపారేసే మాటేం కాదు. అయితే మా లోయలో సగం పొయ్యిలు వెలిగేది ఆ రూలు మీదే. అందుకని ఆ వాదనలో న్యాయం గురించి మేమెవరమూ పైకి మాట్లాడేవాళ్ళం కాదు.

రాష్ట్రం తరఫున సాక్ష్యం చెప్పడానికి జులైలో మా నాన్న ఆర్లిస్ గాంట్‌ని పిలిచారు. నలభై ఏళ్ళు గైడ్‌గా పనిచేసిన మనిషి. కిందటి అక్టోబరులో అమ్మకు జబ్బని తెలిశాక లైసెన్సూ గుర్రాలూ నా చేతిలో పెట్టి, ఆవిడను తీసుకుని పక్క రాష్ట్రం ఐడహోలోని మార్లో ఫెర్రీకి వెళ్ళిపోయాడు. అక్కడ మంచి ఆసుపత్రి ఉంది, మా పెద్దమ్మ ఇల్లూ ఉంది. ఏడు నెలలు ఉన్నారు. అమ్మను అక్కడే పూడ్చిపెట్టి నాన్న ఒక్కడే తిరిగొచ్చాడు. ఈ సంగతులేవీ కోర్టుకు అక్కర్లేదు కాబట్టి అక్కడ ఎవరూ అడగలేదు.

అవతలి లాయరు కుర్రవాడు, చురుకైనవాడు. "గాంట్ గారూ, నా క్లయింటు పాతికేళ్ళుగా ఏటా మీ కొండలకొస్తున్నారు. దారులన్నీ ఆయనకి కొట్టిన పిండి. ఆయనకీ మీకూ తేడా ఏంటో కాస్త చెప్పండి" అన్నాడు.

నాన్న చాలాసేపు టోపీ అంచు తడుముకుంటూ కూర్చున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"ఆయన మంచి రోజులు చూసుకుని వస్తాడండి. తప్పని కాదు, చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళు ఎవరైనా అంతే. అక్కడే ఉండేవాడు రోజులు ఏరుకోడు. మంచి రోజైనా చెడ్డ రోజైనా ఉంటాడు. అంతేనండి తేడా" అన్నాడు.

సెప్టెంబరు మొదటివారంలో తీర్పు వచ్చింది. రూలు చెల్లుతుంది, ఇలాంటి తేడా చూపించే హక్కు రాష్ట్రానికి ఉంది అన్నారు. నాన్న అన్న మాటను జడ్జి తన తీర్పులో రాశాడని రాయిస్ వచ్చి చెప్పాడు. రాయిస్ మా పక్క లోయలో గైడు, మాట్లాడితే పై ఊరికి కూడా వినిపిస్తుంది. ఆ సాయంత్రం మా ఇంటి ముందు పన్నెండు ట్రక్కులు ఆగాయి. అందరూ నాన్న వీపు తట్టేవాళ్ళే. నాన్న మాత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని పొగమంచులోకి చూస్తూ కూర్చున్నాడు. లోపలికొచ్చి పడుకునే ముందు బూట్లు విప్పి మంచం పక్కన పెట్టుకున్నాడు. వాటి మొనలు మంచం వైపుకు ఉన్నాయి.

అది నాకు వింతగా తోచింది. నాన్న నా చిన్నప్పటి నుంచీ బూట్లను తలుపు వైపు తిప్పి పెట్టుకునేవాడు. దొడ్డిలో గుర్రం సకిలిస్తే నిద్రలోనే కాళ్ళు దూర్చి పరిగెత్తాలని. గైడ్లందరికీ ఉన్న అలవాటే. మార్లో ఫెర్రీ నుంచి వచ్చాక ఆ అలవాటు ఎందుకు తిరగబడిందో అడగాలనుకుని మర్చిపోయాను.

ఆ మర్నాడే వేట వార్డెన్ హాలిస్ బాబాయ్ వచ్చాడు. నాన్నకు చిన్ననాటి స్నేహితుడు. మా ఇంట్లో అడుగుపెడితే ముందు కాఫీ కూజా దగ్గరికి వెళ్ళే మనిషి, ఆ రోజు టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఆర్లిస్, ఏప్రిల్లో ఐడహోలో చేపల లైసెన్సు తీసుకున్నావా?"

"తీసుకున్నాను."

"అక్కడుండేవాళ్ళకిచ్చే లైసెన్సా?"

"ఊఁ."

హాలిస్ బాబాయ్ గట్టిగా ఊపిరి వదిలాడు. మా రూలుపుస్తకంలో ఇంకో ముక్క ఉంది. ఇంకో రాష్ట్రంలో నేనిక్కడివాణ్ణి అని సంతకం పెట్టినవాడు ఆ క్షణం నుంచి ఏడాదిపాటు ఇక్కడివాడు కాడు. అది చేపల లైసెన్సు కోసమైనా సరే. లోయలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన రూలు అది. పెళ్ళయి పక్క రాష్ట్రం మోంటానా వెళ్ళిన ఆడపిల్లలకు మేం దీవెనల కంటే ముందు చెప్పే జాగ్రత్త అది.

"రెండు రాష్ట్రాల జాబితాలూ పక్కపక్కన పెట్టి చూశార్రా. నీ పేరు పడింది. నేనైతే చూసీ చూడనట్టు వదిలేద్దును, కానీ కాగితం పైనుంచి దిగింది" అన్నాడు హాలిస్ బాబాయ్. "సరే, దీనికో దారుంది. తెలీక పెట్టాను, నేను ఐడహోవాణ్ణి కాను అని రెండు ముక్కలు రాసివ్వు. అక్కడ చిన్న జరిమానా వేసి ఊరుకుంటారు. నీ వేట ట్యాగ్ నీకుంటుంది, నీ కొండ నీకుంటుంది. డెల్లా, ఓ కాగితం పట్రామ్మా."

నేను కాగితం తెచ్చి బల్లమీద పెట్టాను. పెన్ను మూత కూడా తీసి పెట్టాను.

నాన్న దాన్ని ముట్టుకోలేదు. "తెలిసే పెట్టాను హాలిస్" అన్నాడు.

"తెలిసి పెట్టడమేంట్రా? తెలిసినవాడెవడైనా పెడతాడా?"

"లైసెన్సిచ్చే ఆమె ఎక్కడుంటారని అడిగింది. నిజం చెప్పాను. ఇప్పుడది అబద్ధమని రాయలేను."

హాలిస్ బాబాయ్ నా వైపు చూశాడు. నేను పొయ్యి వైపు చూశాను. తర్వాత నాన్నే లేచి, తన ఎల్క్ ట్యాగ్ జీను సంచిలోంచి తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఒక్క మగ దుప్పిని కాల్చుకోవడానికిచ్చే చీటీ అది, ఏళ్ళ తరబడి లాటరీలో పేరు వేస్తే ఆ ఏడు దక్కింది. కాఫీ తాగి వెళ్ళమని కూడా అన్నాడు. హాలిస్ బాబాయ్ తాగకుండానే వెళ్ళిపోయాడు.

రెండో రోజు రాయిస్ ఊడిపడ్డాడు.

"నీ మాట చూసే కదయ్యా కోర్టు నమ్మింది! ఇక్కడుండేవాడు, రోజులు ఏరుకోనివాడు అని జడ్జి నీ గురించి రాశాడు. తీరా చూస్తే నువ్వు సాక్ష్యం చెప్పేనాటికి ఐడహోవాడివి! ఆ కుర్ర లాయరు చేతికి చిక్కితే మనల్ని రోడ్డు మీద ఆడించడూ?"

"చిక్కితే చిక్కనీ."

"రెండు ముక్కలు రాసిస్తే నీ సొమ్మేం పోయింది?"

"రాయిస్, నీ గుర్రం కుంటుతోంది. ముందరి కుడికాలు చూసుకో" అన్నాడు నాన్న. గుర్రం నిజంగానే కుంటుతోంది. రాయిస్ తిట్టుకుంటూ వెళ్ళాడు.

తర్వాత కొన్నాళ్ళు మా వాకిట్లో ట్రక్కు ఆగలేదు. లాయరు కోర్టుకు ఉత్తరం రాశాడనీ, జడ్జి పట్టించుకోలేదనీ తర్వాత తెలిసింది. రూలు చెక్కుచెదరలేదు. చెదిరిందల్లా మా ఇల్లే. నాకైతే పీకలదాకా కోపం. అమ్మ పోయిందన్న కోపం కూడా ఎక్కడ పెట్టాలో తెలియక నాన్న నెత్తినే పెట్టాను. ఒకరోజు అన్నం బల్ల దగ్గర నోరు జారాను.

"అమ్మ మంచంలో ఉంటే నువ్వు తాపీగా ఏటి ఒడ్డున చేపలు పట్టుకున్నావన్నమాట."

నాన్న బ్రెడ్డు ముక్కను పులుసులో ముంచి నెమ్మదిగా నమిలాడు. "ఒక్కటీ పడలేదు" అన్నాడు.

ఆ మాటతో నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. లేచి దొడ్లోకి వెళ్ళి బిషప్ మెడ పట్టుకుని నిలబడ్డాను. బిషప్ మా కంచరగాడిద. ఓదార్చడం దానికి రాదు, కానీ కదలకుండా నిలబడుతుంది.

అక్టోబరులో మొదటి మంచు కురిసిన పొద్దున నాన్న టోపీ చేత్తో పట్టుకుని నా జీనుల గదికి వచ్చాడు. మా దగ్గరికి వేటకొచ్చే బయటివాళ్ళు నిలబడతారే, అచ్చం అలాగే గుమ్మం అవతల నిలబడ్డాడు.

"నాకో గైడ్ కావాలి" అన్నాడు.

బయటి రాష్ట్రాలవాళ్ళకిచ్చే ట్యాగుల్లో ఎవరూ తీసుకోకుండా మిగిలిపోయినవి కొన్ని ఉంటాయి. ఊళ్ళోకి వెళ్ళి, ఆ వరసలో నిలబడి, ఒక ఆడ దుప్పి ట్యాగ్ తెచ్చుకున్నాడట. కొట్లో అమ్మాయి నాన్నను పుట్టిననాటి నుంచీ ఎరుగును. ఏ రాష్ట్రం అని అడక్క తప్పలేదు దానికి. ఐడహో అంటే వేళాకోళం అనుకుని పగలబడి నవ్విందట. తర్వాత ఆయన మొహం చూసి ఆపేసిందట. లోయలో ఎవరి నోట విన్నా ఆర్లిస్ గాంట్ కాల్చిన మగ దుప్పుల కొమ్ముల కథలే. అలాంటి మనిషి మిగిలిపోయిన ఆడ దుప్పి ట్యాగ్‌ను జేబులో భద్రంగా మడిచి పెట్టుకుని వచ్చాడు.

నాకింకా కోపం తగ్గలేదు. "రాయిస్‌ని అడగకపోయావా?"

"వాడు దారంతా మాట్లాడతాడు. దుప్పులు పారిపోతాయి."

"నా దగ్గర కొన్ని షరతులున్నాయి. కొండమీద మందు ముట్టకూడదు. గైడ్ చెప్పినట్టు వినాలి."

"మొదటిది పర్లేదు. రెండోదానికే కాస్త టైం పడుతుంది" అన్నాడు.

గైడ్‌కు ఒక కాగితం ఉంటుంది. వేటగాడి పేరు, ట్యాగ్ నంబరు, ఉండే ఊరు, వెళ్ళిన తేదీ, వేట పడిన చోటు అన్నీ గైడే తన చేతిరాతతో నింపాలి. ఆ పొద్దున నాన్న పేరు రాశాను. నంబరు రాశాను. ఉండే ఊరు అన్నచోట పెన్ను ఆగిపోయింది. ఖాళీగా వదిలేసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు తెల్లవారుతుండగా బయల్దేరాం. నాన్న ముందు, నేను వెనక, నా వెనక బిషప్. ఎనిమిదేళ్ళప్పటి నుంచీ నేను ఆ దారిలో చూసింది ఆయన వీపునే. ఆ వీపు ఎటు వంగితే అటు వంగడమే నాకు తెలిసిన విద్య. మంచు సన్నగా రాలుతోంది. చెట్లు పొగమంచులోంచి ఒక్కొక్కటీ వచ్చి, మమ్మల్ని చూసి, వెనక్కి వెళ్ళిపోతున్నట్టుంది. గుర్రాల అడుగుల చప్పుడు కూడా మంచులో ఇంకిపోయింది. ఎంతసేపు నడిచామో చెప్పలేను.

బోర్డు దగ్గర నాన్న గుర్రాన్ని ఆపి పక్కకు తప్పుకున్నాడు.

"ఏమైంది?"

"గైడ్ ముందు నడవాలి" అన్నాడు.

నవ్వుతున్నాడేమో అని చూశాను. నవ్వడం లేదు. ఆ రూలు నిలబడాలని కోర్టులో చెప్పింది ఆయనే, ఇప్పుడు దానికి తల వంచుతున్నదీ ఆయనే. నేను ఆయనను దాటి ముందుకు వెళ్ళాను. నా ఎదుట వీపు లేదు. తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. అంత పెద్ద అడవిలో నాకు మొదటిసారి ఒంటరిగా అనిపించింది.

మేం వెళ్ళాల్సింది ఎగువ పచ్చికకు. రెండు గంటలు నడిచాక పొగమంచు కాస్త విడిపోయి, ఎదురుగా నేనెన్నడూ చూడని చిన్న మైదానం కనిపించింది. చుట్టూ ఆస్పెన్ చెట్లు, నడుమ సగం గడ్డకట్టిన వాగు.

"ఇది ఎగువ పచ్చిక కాదు" అన్నాను.

"కాదు. విరిగిన చెట్టు దగ్గర ఎడమకి తిరగాల్సింది."

"తెలుసా? తెలిసి చెప్పలేదా?"

"నేను బయటివాణ్ణి కదా. మాకు దారులేం తెలుస్తాయి?" అన్నాడు. ఈసారి మాత్రం కళ్ళలో నవ్వుంది.

ఇద్దరం గుర్రాలు కట్టేసి ఒక పడిపోయిన మాను వెనక కూర్చున్నాం. గాలి లేదు. ఫ్లాస్కులో కాఫీ ఒకే మూతలో మార్చి మార్చి తాగాం. కాఫీ అయిపోయాక నేనే అడిగాను, ఎందుకు సంతకం పెట్టావని. తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికే అడిగానని ఆయనకు తెలిసినట్టుంది.

"మీ అమ్మ ఒకరోజు పొద్దున నా బూట్లు చూసింది" అన్నాడు. "తలుపు వైపున్నాయి. ఎప్పుడూ ఉన్నట్టే. 'ఆర్లిస్, కళ్ళు తెరిచినప్పుడల్లా అవే కనపడతాయి. నువ్వు ఇవాళ బయల్దేరిపోతావేమో అనిపిస్తుంది' అంది. ఎండగా ఉంది కదాని ట్రక్కులో కూర్చోబెట్టుకుని ఏటి దాకా తీసుకెళ్ళాను. చేపల లైసెన్సులిచ్చే గాలాల కొట్టు కిటికీ పక్కనే ఆపాను. లోపలామె అడిగింది, ఇక్కడే ఉంటారా, చూడ్డానికొచ్చారా అని."

మంచు ఆయన టోపీ మీద పడి కరగకుండా నిలుస్తోంది.

"మీ అమ్మ ట్రక్కులోంచి నన్నే చూస్తోంది. ఇక్కడే ఉంటాను అన్నాను. కొట్లో ఆమె కాగితం తోసింది, సంతకం పెట్టాను. రూలు గుర్తు లేక కాదమ్మా. రూలు గుర్తుంది. మీ అమ్మకి వినపడేలా చెప్పాలనిపించింది."

"అమ్మేమంది?"

"ఏమంటుంది? 'నీకసలు చేపలు పట్టడం రాదుగా' అంది. ఇంటికెళ్ళాక బూట్లు మంచం వైపు తిప్పాను. ఆ రోజు హాయిగా నిద్రపోయింది."

వాగు అవతల ఆస్పెన్ల మధ్య ఏదో కదిలింది. ఆడ దుప్పులు ఐదారు, కాళ్ళు కనబడకుండా, పొగమంచు మీద తేలుతున్నట్టు నడిచి వస్తున్నాయి. నాన్న తుపాకీ ఎత్తి నా వైపు చూశాడు. ఎందుకు చూస్తున్నాడో అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. గైడ్ చెప్పాలని ఎదురుచూస్తున్నాడు.

"కుడివైపుది. దూడ లేనిది" అన్నాను గుసగుసగా.

ఒకే గుండు. మిగతా దుప్పులు పొగమంచులోకి కరిగిపోయాయి. చప్పుడు కొండల మీద రెండుసార్లు దొర్లి ఆగిపోయింది.

మధ్యాహ్నానికల్లా ఇద్దరం మాంసాన్ని నాలుగు భాగాలు చేసి బిషప్ మీద కట్టాం. గుండెకాయను నాన్న మంచుతో కడిగి తెల్లగుడ్డలో చుట్టాడు. అమ్మ ఉంటే దాన్ని ఉల్లిపాయలతో వేయించేది. ఇద్దరమూ ఆ గుడ్డ మూట వైపే చూశాం. నేను మాను మీద కూర్చుని, చేతులు చొక్కాకు తుడుచుకుని, జేబులోంచి కాగితం తీశాను. వేట పడిన చోటు, తేదీ నింపాను. ఒకే గడి మిగిలింది.

ఆ ఏడు నెలలు నేనూ మార్లో ఫెర్రీకి వెళ్ళేదాన్ని. కనుమ దారిలో మంచు తీసేశారో లేదో ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళేదాన్ని. అమ్మకు ఇవాళ కాస్త బాగుందని పెద్దమ్మ చెబితే వెళ్ళేదాన్ని. పువ్వులూ, ఊరి కబుర్లూ పట్టుకెళ్ళి, సాయంత్రం చీకటి పడకముందే ఇంటికి బయల్దేరేదాన్ని. వాంతులైన రోజులు, మాట పడిపోయిన రోజులు, ఎవరినీ గుర్తుపట్టని రోజులు ఉన్నాయని నాకు తర్వాతెప్పుడో పెద్దమ్మ చెప్పింది. ఆ రోజుల్లో నేను లేను. మా అమ్మ దగ్గరికి నేను మంచి రోజులు ఏరుకుని వెళ్ళాను.

"ఉండే ఊరు అని ఉంది. ఏం రాయమంటావు?" అని అడిగాను.

"ఏది నిజమైతే అది రాయి. గైడ్‌వి నువ్వు" అన్నాడు.

మార్లో ఫెర్రీ, ఐడహో అని రాశాను. చేతికి అంటిన నెత్తురు కాగితం అంచుకు అంటుకుంది. ఆ మరక ఇప్పటికీ ఉంది.

నాన్న గుర్రం ఎక్కి, నేను ముందుకు రావడం కోసం పక్కకు తప్పుకుని నిలబడ్డాడు.